24 వోల్టుల బ్యాంకు మీద 12 వోల్టుల పరికరాలు: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటు పని డైరీ

మా బావగారి మరబోటులో రెండు 12 వోల్టుల, 130 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలను శ్రేణిలో కలిపి 24 వోల్టుల బ్యాంకుగా వాడుతున్నాము. ఇంజిన్ సెల్ఫ్, బ్యాటరీలను ఛార్జి చేసే ఆల్టర్నేటరు, డెక్కు మీది పెద్ద దీపాలు 24 వోల్టులవి. క్యాబిన్‌లోని వైర్‌లెస్ సెట్టు, బోటు ఉన్న చోటు చూపే జీపీఎస్ ప్లాటరు, చిన్న దీపాలు, అడుగున చేరే నీటిని తోడే పంపు 12 వోల్టులవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది కాబట్టి, ఆ 61 రోజుల్లో ఈ రెండు వోల్టేజీల సమస్యను సరిచేయడానికి పూనుకున్నాను. పక్కన కట్టిన బోట్లలోనూ ఇదే వైరింగ్ కనిపించినందువల్ల, కొలతలతో, తప్పులతో సహా రాసి పెడుతున్నాను.

రెండు మాటలు ముందే స్పష్టం చేస్తాను. నెగెటివ్ బోటు గ్రౌండుకు కలిసిన బ్యాటరీని "కింది బ్యాటరీ" అనీ, 24 వోల్టుల పాజిటివ్ ఉన్నదానిని "పై బ్యాటరీ" అనీ రాస్తున్నాను. నిజానికి రెండూ ఇంజిన్ గదిలో ఒకే పలక మీద పక్కపక్కనే ఉంటాయి.

దశ 1: నడుమ తీగ (ఏప్రిల్ 17 నుంచి 22)

రెండేళ్ల క్రితం వైర్‌లెస్ సెట్టు బిగించినప్పుడు, 12 వోల్టుల కోసం రెండు బ్యాటరీలను కలిపే లింకు దగ్గర ఒక లగ్గు వేసి, అక్కడి నుంచి క్యాబిన్‌కు తీగ లాగింది నేనే. మీటరు 12.6 చూపింది, సెట్టు పలికింది. ఆ తర్వాత అదే తీగ మీదికి జీపీఎస్ వచ్చింది, నీటి లోతు చూపే ఎకో సౌండరు వచ్చింది, దీపాలు వచ్చాయి, పంపు వచ్చింది. ఈ సంవత్సరం సెల్ఫ్ రెండుసార్లు నడి సముద్రంలో తిరగకపోయాక గానీ నేను రెండు బ్యాటరీలను విడివిడిగా కొలవలేదు.

ఒక రాత్రి ఊరికే ఉంచిన తర్వాత కొలతలు ఇవి:

1. పై బ్యాటరీ 12.72 వోల్టులు, కింది బ్యాటరీ 11.98 వోల్టులు. మొత్తం 24.70.
2. యాసిడ్ సాంద్రతను చూపే హైడ్రోమీటరులో (ఛార్జి నిండిన కొద్దీ అంకె పెరుగుతుంది) పై బ్యాటరీ సెల్లులు 1.270 దగ్గర, కింది బ్యాటరీ సెల్లులు 1.150, 1.160 మధ్య.
3. ఇంజిన్ నడుస్తుండగా మొత్తం 28.2 వోల్టులు. అందులో పై బ్యాటరీది 15.1, కింది బ్యాటరీది 13.1.

మొత్తం మాత్రమే కొలిస్తే 28.2 అనే అంకెలో ఏ దోషమూ కనిపించదు; రెండేళ్లు నేను చూసినది ఆ మొత్తాన్నే. శ్రేణిలో ఉన్న రెండు బ్యాటరీల గుండా ఛార్జింగు ప్రవాహం ఒక్కటే, కాని వాడకం కింది బ్యాటరీ మీదే పడుతోంది. ఆల్టర్నేటరు రెగ్యులేటరు మొత్తం వోల్టేజీని చూసి ప్రవాహాన్ని తగ్గిస్తుంది కనుక, నిండిపోయిన పై బ్యాటరీ వోల్టేజీ పైకి పోయిన కొద్దీ, ఇంకా సగం కూడా నిండని కింది బ్యాటరీకి అందవలసిన ప్రవాహం ఆగిపోతుంది. పైది తీసుకోలేని శక్తితో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టుకుంటుంది. కిందిది ఎప్పటికీ నిండక, ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, క్రమంగా తన సామర్థ్యాన్ని పోగొట్టుకుంటుంది.

బోటు నడిపే సరంగు చెప్పిన మాట దీనికి సరిగ్గా అతికింది. "పైదానికి వారం వారం నీళ్లు పోస్తన్నాం బాబూ. కిందదానికి అక్కర్నేదు. అదే మంచి బ్యాటరీ అనుకున్నాం." నీళ్లు తాగని బ్యాటరీని ఆయన ఆరోగ్యంగా ఉన్నదనుకున్నారు. అది ఛార్జి అందక నీరసిస్తున్న బ్యాటరీ అని చెప్పడానికి నాకు హైడ్రోమీటరు చూపించవలసి వచ్చింది. పై బ్యాటరీ మూతలు తీసి చూస్తే రెండు సెల్లుల్లో ప్లేట్ల అంచులు నీటి పైకి తేలి, తెల్లగా మారి ఉన్నాయి.

ఆ రోజు చేసిన పని:

1. చేతి ఉంగరం, గడియారం తీసివేసి, ఇంజిన్ గది మూత తెరిచి అరగంట గాలి ఆడనిచ్చాను.
2. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్, చివర నడుమ లింకు విప్పాను.
3. నడుమ తీగను లగ్గుతో సహా కత్తిరించి బోటు నుంచి బయటికి తెచ్చాను. చుట్టి అక్కడే వదిలితే ఎవరో ఒకరు మళ్లీ బిగిస్తారు.
4. పై బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోశాను. 1.4 లీటర్లు పట్టింది.
5. కింది బ్యాటరీని ఒక్కదానినే 12 వోల్టుల ఛార్జరు మీద 40 గంటలు ఉంచాను. ఐదు సెల్లులు 1.235కు వచ్చాయి. ఒకటి 1.195 దగ్గర ఆగిపోయింది.

ఖర్చు: హైడ్రోమీటరు 250, డిస్టిల్డ్ వాటర్ 150. ఇప్పటి వరకు మొత్తం 400 రూపాయలు.

దశ 2: ఏది నిజంగా 12 వోల్టులది? (ఏప్రిల్ 24)

నడుమ తీగకు బదులుగా, 24 వోల్టులను 12కు దించే కన్వర్టరు కొనేముందు ప్రతి పరికరం వెనుక చీటీ చదివాను. ఈ పని రెండేళ్ల క్రితమే చేయవలసింది. ఎకో సౌండరు చీటీ మీద 10.8 నుంచి 31.2 వోల్టులని ఉంది. అంటే అది నేరుగా 24 వోల్టుల మీద నడుస్తుంది. దానిని 12 వోల్టుల తీగకు కట్టడం వల్ల కింది బ్యాటరీ మీద రోజంతా అనవసరంగా 1.1 ఆంపియర్లు పడుతూ వచ్చాయి.

క్లాంప్ మీటరుతో కొలిచి, వేటలో ఒక రోజు వాడకాన్ని గంటలతో హెచ్చించాను:

1. వైర్‌లెస్ వినేటప్పుడు 0.45 ఆంపియర్లు, 22 గంటలు: 9.9 ఆంపియర్ అవర్లు.
2. వైర్‌లెస్ మాట్లాడేటప్పుడు 25 వాట్ల మీద 5.2 ఆంపియర్లు, మొత్తం అరగంట: 2.6.
3. ఎకో సౌండరు 1.1 ఆంపియర్లు, 16 గంటలు: 17.6.
4. జీపీఎస్ ప్లాటరు 0.8 ఆంపియర్లు, 24 గంటలు: 19.2.
5. దీపాలు 1.6 ఆంపియర్లు, 11 గంటలు: 17.6.
6. ఫోన్ ఛార్జర్లు 1.2 ఆంపియర్లు, 6 గంటలు: 7.2.

మొత్తం 74.1 ఆంపియర్ అవర్లు. నీటి పంపు ఇందులో లేదు. 130 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి మించిన భాగం ప్రతి రోజూ ఒక్క బ్యాటరీ నుంచే పోతోందన్నమాట.

ఎకో సౌండరును 24 వోల్టులకు మార్చాను. క్యాబిన్ దీపాల్లో నాలుగింటిని 10 నుంచి 30 వోల్టుల ఎల్‌ఈడీలతో మార్చాను. ఫోన్లకు లారీల్లో వాడే 12, 24 రెండింటికీ పనికివచ్చే ఛార్జర్లు రెండు పెట్టాను. వీటికి కన్వర్టరు అక్కరలేదు. పంపు సంగతి తర్వాతికి వాయిదా వేశాను. ఇక 12 వోల్టుల మీద మిగిలినవి వైర్‌లెస్ 5.2, ప్లాటరు 0.8, దిక్సూచి దీపం, మార్చలేని రెండు చిన్న దీపాలు కలిపి 0.9. అన్నీ ఒకేసారి నడిస్తే 6.9 ఆంపియర్లు. కన్వర్టరు ఈ అంకెను నిరంతరం మోయగలగాలి.

ఖర్చు: దీపాలు 720, ఛార్జర్లు 500. ఇప్పటి వరకు మొత్తం 1,620 రూపాయలు.

దశ 3: మొదటి కన్వర్టరు, తీసివేయవలసి వచ్చినది (ఏప్రిల్ 28 నుంచి 30)

లారీలు 24 వోల్టులవి కాబట్టి, వాటిలో పాటల సెట్టు కోసం 24 నుంచి 12కు దించే డబ్బాలు గాజువాక ఆటోనగర్‌లో సులువుగా దొరుకుతాయి. దుకాణాల్లో వీటిని డ్రాపర్లు అంటారు. 20 ఆంపియర్లని అట్ట మీద రాసి ఉన్న ఒకటి 850 రూపాయలకు తెచ్చాను. బోటులో బిగించక ముందే ఇంట్లో బల్ల మీద పరీక్షించాను. ఈ ఒక్క జాగ్రత్త లేకపోతే వైర్‌లెస్ సెట్టు పోయి ఉండేది.

పరీక్షకు ఖరీదైన లోడు పరికరం అక్కరలేదు. కారు హెడ్‌లైటు బల్బు, 12 వోల్టుల 55 వాట్లది, 13.5 వోల్టుల దగ్గర సుమారు 4.9 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు బల్బులు కొన్నాను. ఇన్‌పుట్ ప్రవాహాన్నీ అవుట్‌పుట్ ప్రవాహాన్నీ రెండింటినీ కొలిచాను.

1. లోడు లేకుండా అవుట్‌పుట్ 13.7 వోల్టులు.
2. ఒక బల్బుతో 13.4 వోల్టులు. అవుట్‌పుట్ 4.9 ఆంపియర్లు, ఇన్‌పుట్ కూడా 4.9 ఆంపియర్లు.
3. అరగంటకు డబ్బా పైభాగం 81 డిగ్రీలు.
4. రెండు బల్బులతో అవుట్‌పుట్ 12.1కు జారింది. 11 నిమిషాలకు వార్నిష్ కాలిన వాసన వచ్చి, తీసేశాను.

రెండవ కొలతలోనే విషయమంతా ఉంది. ప్రవాహాన్ని వేగంగా తెంపుతూ కలుపుతూ పని చేసే నిజమైన స్విచింగ్ కన్వర్టరు వోల్టేజీని సగానికి దించితే, ఇన్‌పుట్ ప్రవాహం కూడా అవుట్‌పుట్ ప్రవాహంలో సగానికి కాస్త ఎక్కువగా ఉండాలి. ఇన్‌పుట్, అవుట్‌పుట్ ప్రవాహాలు సమానమైతే ఆ డబ్బా మిగిలిన వోల్టేజీని వేడిగా మార్చి పారబోస్తున్నదని అర్థం. 26.0 నుంచి 13.4 తీసివేసి 4.9తో హెచ్చిస్తే 62 వాట్లు. సోల్డరింగ్ ఐరన్‌కు రెట్టింపు వేడి అది. మూత విప్పితే లోపల అల్యూమినియం రేకుకు బిగించిన రెండు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, ఒక జెనర్ డయోడు కనిపించాయి.

దండగ అయ్యే శక్తికంటే నన్ను కలవరపెట్టినది మరొకటి. ఇటువంటి ట్రాన్సిస్టరు వేడికి చెడిపోయేటప్పుడు చాలా సందర్భాల్లో షార్టు అయిపోతుంది. అప్పుడు 12 వోల్టుల పరికరానికి ఎదురుగా 25 వోల్టులు నిలబడతాయి. లారీలో అయితే పాటల సెట్టు పోతుంది. తీరానికి 40 కిలోమీటర్ల దూరంలో, ఆపద పిలుపుల ఛానల్ 16 వినిపించే ఒక్క సెట్టు పోతే దాని విలువ వేరు.

ఖర్చు: డబ్బా 850, బల్బులు 240. ఇప్పటి వరకు మొత్తం 2,710 రూపాయలు. ఇందులో 850 వృథా.

దశ 4: రెండవ కన్వర్టరు, దాని రొద (మే 5 నుంచి 16)

ఈసారి చూసుకున్న లక్షణాలు నాలుగు: స్విచింగ్ రకం కావాలి, ఇన్‌పుట్ కనీసం 36 వోల్టుల వరకు తట్టుకోవాలి, లోపల రెసిన్ పోసి మూసినదై ఉండాలి, నిరంతర లోడు 10 ఆంపియర్లకు తగ్గకూడదు. ఇన్‌పుట్ పరిమితిని 30 వోల్టులని రాసినవి వదిలేశాను, ఆల్టర్నేటరు 28 వోల్టులకు పైగా ఇస్తూ ఉండగా ఒక లూజు కనెక్షను ఊడితే వచ్చే పొంగుకు 30 వోల్టుల పరిమితి చాలదు.

బల్ల మీద ఒక బల్బుతో అవుట్‌పుట్ 13.6 వోల్టులు, 4.9 ఆంపియర్లు, అంటే 66.6 వాట్లు. ఇన్‌పుట్ 26.0 వోల్టులు, 2.85 ఆంపియర్లు, అంటే 74.1 వాట్లు. దాదాపు 90 శాతం. రెండు బల్బులతో గంటసేపు నడిపితే డబ్బా 67 డిగ్రీల దగ్గర నిలిచింది, వోల్టేజీ 13.5 కంటే దిగలేదు. ఇంజిన్ గదిలో వేసవి మధ్యాహ్నం 46 డిగ్రీలు కొలిచాను కాబట్టి దీనిని అక్కడ పెట్టకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మే 9న క్యాబిన్‌లో వైర్‌లెస్ సెట్టు వెనుకనే బిగించి స్విచ్చు వేశాను. సెట్టులో హోరు మొదలైంది. ఖాళీ హోరును అణచే స్క్వెల్చ్ మీటను ఎంత తిప్పితే హోరు ఆగుతుందో అదే నా కొలబద్ద చేసుకున్నాను. మీట మీద 0 నుంచి 10 గీతలున్నాయి. సెట్టును విడి బ్యాటరీ మీద నడిపినప్పుడు 2 దగ్గర హోరు ఆగుతుంది. కన్వర్టరు మీద 7కు తిప్పితేగాని ఆగలేదు. స్క్వెల్చ్ 7 మీద ఉంటే దగ్గరి బోటు వినిపిస్తుంది, దూరపు బోటు వినిపించదు. ఎకో సౌండరు తెర మీద కూడా నీటి మధ్యలో చుక్కలు వర్షంలా పడసాగాయి.

ఒక్కొక్కటే మారుస్తూ, ప్రతిసారీ మీట చూశాను:

1. ఇన్‌పుట్ తీగల జతను, అవుట్‌పుట్ తీగల జతను దేనికది పురి పెట్టాను. 7 నుంచి 6.
2. డబాగార్డెన్స్‌లో కొన్న ఫెర్రైట్ రింగులు ఆరింటిని కన్వర్టరుకు దగ్గరగా, రెండు వైపులా తగిలించాను. 6 నుంచి 5.
3. కన్వర్టరును సెట్టు వెనుక నుంచి తీసి, క్యాబిన్‌కు అవతలి గోడ మీదికి, యాంటెన్నా కేబులుకు 1.8 మీటర్ల దూరానికి మార్చాను. 5 నుంచి 4. ఎకో సౌండరు చుక్కలు పూర్తిగా పోయాయి.

నాలుగు దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. కన్వర్టరునే తప్పుపట్టి, మరొకటి కొనడానికి సిద్ధమయ్యాను కూడా. కాని కన్వర్టరు పని చేస్తుండగానే సెట్టును విడి బ్యాటరీకి మార్చినా హోరు తగ్గలేదు. అంటే రొద సప్లై తీగల దారిలో రావడం లేదు, గాలిలో వచ్చి యాంటెన్నా కేబులులోకి దూరుతున్నది. మంచి కేబులు అయితే దాని పైజల్లి అడ్డుకోవాలి. సెట్టు వెనుక ఉండే పీఎల్ 259 కనెక్టరును మరతో విప్పి, కేబులు తొడుగు కోశాను. రాగి జల్లి ఉండవలసిన చోట పచ్చని చిలుము ముద్దలా ఉంది. వేలితో తాకితే పొడిగా రాలింది. కనెక్టరు మెడకు అతుక్కుని నిలిచినవి నాలుగే పోగులు. కేబులును 30 సెంటీమీటర్లు వెనక్కి, రాగి ఎర్రగా కనిపించే దాకా కోసి, కొత్త కనెక్టరు వేసి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ తొడిగాను. మీట 4 నుంచి 2.5కు వచ్చింది.

ఉప్పుగాలిలో రెండేళ్లుగా తింటున్న చిలుము వల్ల దూరపు మాటలు అప్పటికే సరిగా వినిపించి ఉండవు. దానిని బయటపెట్టింది కన్వర్టరు రొద.

ఖర్చు: కన్వర్టరు 3,400, ఫెర్రైట్ రింగులు 360, కనెక్టరు, స్లీవు 210. ఇప్పటి వరకు మొత్తం 6,680 రూపాయలు.

దశ 5: తీగలు, ఫ్యూజులు (మే 18 నుంచి 24)

కన్వర్టరును బ్యాటరీల దగ్గర పెట్టి 12 వోల్టులను క్యాబిన్‌కు తీసుకుపోవాలా, 24 వోల్టులనే క్యాబిన్ దాకా తెచ్చి అక్కడ దించాలా అనేది లెక్కతో తేలింది. తీగ దారి 7 మీటర్లు, రాను పోను 14. 4 చదరపు మిల్లీమీటర్ల మెత్తని రాగి తీగకు మీటరుకు సుమారు 5 మిల్లీ ఓములు, అంటే మొత్తం 70 మిల్లీ ఓములు. 12 వోల్టులను 6.9 ఆంపియర్ల మీద పంపితే దారిలో 0.48 వోల్టు పోతుంది, ఆ నష్టం నేరుగా సెట్టుకు తగులుతుంది. 24 వోల్టులను పంపితే ప్రవాహం 4.2 ఆంపియర్లే, 0.29 వోల్టు పోయినా అది కన్వర్టరు ఇన్‌పుట్‌లో పోతుంది, అవుట్‌పుట్ 13.6 కదలదు. పాత నడుమ తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లది. మాట్లాడే మీట నొక్కగానే సెట్టు తెర మసకబారడానికి అదే కారణం.

2023 నవంబరులో ఈ హార్బరులో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయిన రాత్రిని ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. ఆ మంటలకు వైరింగే కారణమని నేను అనడం లేదు. ఆనుకుని కట్టే బోట్లలో ఒకదాని నిప్పు ఒక్కదానితో ఆగదని చెబుతున్నాను. ఫ్యూజు లేని బ్యాటరీ తీగ ఒక్కటి కూడా నేను బోటులో ఉంచలేదు.

1. బ్యాటరీ పాజిటివ్ నుంచి 20 సెంటీమీటర్ల లోపల 10 ఆంపియర్ల ఫ్యూజు. దూరంగా పెడితే, ఆ మధ్య తీగకు రక్షణ ఉండదు.
2. కన్వర్టరు అవుట్‌పుట్‌లో 10 ఆంపియర్ల ఫ్యూజు, దాని తర్వాత ప్రతి పరికరానికి దాని చీటీ మీద చెప్పిన ఫ్యూజు.
3. లగ్గులన్నీ క్రింపింగ్ టూలుతో నొక్కినవి. సీసంతో అతికిన చోట తీగ గట్టిపడి, ఇంజిన్ అదురుకు ఆ అంచు దగ్గరే తెగుతుంది. పాత వైరింగ్‌లో రెండు చోట్ల అలా తెగి ఉంది.
4. తగరం పూత ఉన్న తీగ వాడాను. టెర్మినళ్లు బిగించాక పెట్రోలియం జెల్లీ పూశాను.
5. నెగెటివ్‌లన్నీ ఒకే బస్‌బారుకు, అంటే తీగలన్నీ చేరే లోహపు పట్టీకి, తెచ్చాను.

దీపాలకు ఇదివరకు ఇంట్లో వాడే గోడ స్విచ్చులున్నాయి. ఏసీలో ప్రవాహం క్షణక్షణం సున్నాకు వస్తుంది కనుక స్విచ్చులో నిప్పురవ్వ తనంతట ఆరుతుంది. డీసీలో ఆ వీలు లేదు. ఒక స్విచ్చు విప్పితే లోపలి కాంటాక్టు సగం కరిగి ఉంది. అన్నీ మార్చాను.

ఖర్చు: తీగ 1,050, ఫ్యూజులు, హోల్డర్లు, స్విచ్చులు 520, లగ్గులు, స్లీవులు, క్లాంపులు 430. ఇప్పటి వరకు మొత్తం 8,680 రూపాయలు.

దశ 6: నీటి పంపు (మే 27, 28)

నడిచేటప్పుడు 4.2 ఆంపియర్లే కదా అని పంపును కన్వర్టరుకు కలిపి చూశాను. ఫ్లోట్ స్విచ్చు పైకి లేవగానే పంపు ఒకసారి ముక్కి ఆగింది, మళ్లీ ముక్కింది, మళ్లీ ఆగింది. అదే క్షణంలో వైర్‌లెస్ సెట్టు, ప్లాటరు ఆరి వెలిగాయి. మోటారు కదిలే క్షణంలో క్లాంప్ మీటరు పట్టిన గరిష్ఠం 14 ఆంపియర్లు. కన్వర్టరు తనను తాను కాపాడుకోవడానికి అవుట్‌పుట్‌ను కోసేస్తుంది, లోడు పోయిందనుకుని తిరిగి ఇస్తుంది, మోటారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.

20 ఆంపియర్ల కన్వర్టరు వేస్తే ఇది తీరుతుంది. కాని బోటులోకి నీరు వచ్చే సమయంలో, పంపుకూ బ్యాటరీకీ మధ్య చెడిపోగల ఎలక్ట్రానిక్ వస్తువు ఏదీ ఉండకూడదన్నది నా పట్టుదల. పంపును 24 వోల్టులదిగా మార్చి, మెయిన్ స్విచ్చుకు ముందు నుంచే, సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాంకుకు కలిపాను. బోటు ఖాళీగా కట్టి ఉన్నప్పుడు కూడా అది పని చేస్తుంది.

ఖర్చు: పంపు 2,900. ఇప్పటి వరకు మొత్తం 11,580 రూపాయలు.

దశ 7: సెల్ఫ్ కొట్టినప్పుడు, కొట్టనప్పుడు (జూన్ 1 నుంచి 8)

రెండు చిన్న విషయాలు మిగిలాయి. చిన్నవని వదిలితే రెండూ పెద్దవే అవుతాయి.

మొదటిది: సెల్ఫ్ కొట్టిన క్షణంలో బ్యాంకు 17.8 వోల్టులకు పడిపోతోంది. కన్వర్టరు 20 వోల్టులకు దిగువన ఆగిపోతుంది. ప్లాటరు ప్రతిసారీ ఆరి, ఉపగ్రహాలను మళ్లీ వెతుక్కోవడానికి నిమిషం పైన తీసుకుంటోంది. దీనికి కన్వర్టరు అవుట్‌పుట్‌లో ప్రవాహాన్ని ఒకే దిశలో పోనిచ్చే ఒక షాట్కీ డయోడు, దాని తర్వాత 7 ఆంపియర్ అవర్ల చిన్న సీల్డ్ బ్యాటరీ పెట్టాను. డయోడులో 0.4 వోల్టు పోతుంది కనుక కన్వర్టరును 13.9కు పెంచి, బ్యాటరీ దగ్గర 13.5 వచ్చేటట్టు సరిచేశాను. 25 డిగ్రీల ఊళ్లలో 13.6 కూడా సరిపోతుంది. మన వేసవి క్యాబిన్‌లో అది బ్యాటరీని నెమ్మదిగా ఎండబెడుతుంది. దీనితో మరొక మేలు జరిగింది. ఇంజిన్ గది మునిగి బ్యాంకు మొత్తం పోయినా, క్యాబిన్‌లో ఎత్తున ఉన్న ఈ బ్యాటరీ మీద సెట్టు ఒక్కటే కొన్ని గంటలు వింటుంది, మాట్లాడుతుంది. వినడానికి 0.45 ఆంపియర్లు, మధ్యమధ్య మాట్లాడడానికి సగం శక్తి తీసివేసి లెక్కించినా 7 గంటలకు పైనే.

డయోడు, బ్యాటరీల మధ్య ప్రత్యేకంగా ఒక 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంది. కన్వర్టరు ఏనాటికైనా షార్టయి 25 వోల్టులు వదిలితే, ఆ చిన్న బ్యాటరీ ప్రవాహాన్ని లాగి ఫ్యూజును కాల్చేస్తుందని నా ఆశ. దీనిని పరీక్షించలేదు.

రెండవది: ఏ లోడూ లేనప్పుడు కన్వర్టరు తాగేది 48 మిల్లీ ఆంపియర్లు. రోజుకు 1.15 ఆంపియర్ అవర్లు. వేటలో ఇది లెక్కలోకి రాదు. కాని వేట నిషేధం 61 రోజులు. 0.048ని 24తో, 61తో హెచ్చిస్తే 70 ఆంపియర్ అవర్లు, అంటే బ్యాంకులో సగం. జూన్ 15 తెల్లవారుజామున అందరూ బయలుదేరుతుంటే మా సెల్ఫ్ తిరగకపోవడానికి అది చాలు. కన్వర్టరు ఇన్‌పుట్‌లో ఐసొలేటర్ స్విచ్చు వేసి, "కట్టేటప్పుడు ఆపు" అని ఎర్ర పెయింటుతో రాశాను.

ఖర్చు: చిన్న బ్యాటరీ 1,050, డయోడు, హీట్ సింక్ 140, ఐసొలేటర్ 950. ఇప్పటి వరకు మొత్తం 13,720 రూపాయలు.

దశ 8: పాత బ్యాటరీల తీర్పు (జూన్ 9 నుంచి 13)

రెండింటినీ విడివిడిగా నిండా ఛార్జి చేసి, అవే హెడ్‌లైటు బల్బులతో 10.8 వోల్టుల వరకు దింపాను. సగటున 4.6 ఆంపియర్ల మీద పై బ్యాటరీ 22 గంటల 40 నిమిషాలు నిలిచింది, అంటే 104 ఆంపియర్ అవర్లు. కింది బ్యాటరీ 15 గంటల 20 నిమిషాలకే ముగిసింది, 70 ఆంపియర్ అవర్లు. ఒకే రోజున కొన్న జత ఇది.

బావగారు కింది దానిని ఒక్కదానినే మారుద్దామన్నారు. కొత్తదాని పక్కన పాతదానిని శ్రేణిలో పెడితే, బలహీనమైనది ముందు ఖాళీ అయి, ముందు నిండి, నడుమ తీగ లేకుండానే మళ్లీ అదే ఎగుడుదిగుడు తయారవుతుంది. ఆయనకు కొలతలు చూపించాను, కాగితం మీద లెక్క వేసి ఇచ్చాను, జత మార్చడానికి ఒప్పుకున్నారు.

ఈక్వలైజర్ అనే పరికరం సంగతి కూడా ఆలోచించాను. అది రెండు బ్యాటరీల మధ్య తేడాను కనిపెట్టి, నిండిన దాని నుంచి ఖాళీ అయిన దానికి ప్రవాహాన్ని మారుస్తూ ఉంటుంది. దానితో నడుమ తీగను ఉంచుకోవచ్చు. వద్దనుకోవడానికి కారణం ఒకటే. కన్వర్టరు చెడితే, చిన్న బ్యాటరీ అయిపోగానే సెట్టు, ప్లాటరు ఆరిపోతాయి, ఎవరో ఒకరు అడుగుతారు. ఈక్వలైజర్ చెడితే అన్నీ వెలుగుతూనే ఉంటాయి, కింది బ్యాటరీ మాత్రం లోలోపల పోతూ ఉంటుంది. నెలకొకసారి రెండు బ్యాటరీలను విడిగా కొలిచే అలవాటున్నవారికి అది పనికిరావచ్చు.

ఖర్చు: కొత్త జత 24,800, పాతవి తిరిగి ఇచ్చినందుకు తగ్గించినది 4,600. ఇప్పటి వరకు మొత్తం 33,920 రూపాయలు. నడుమ తీగ తీయకముందు మిగిల్చాననుకున్నది ఒక కన్వర్టరు ధర.

దశ 9: సముద్రం మీద (జూన్ 17 నుంచి జూలై 12)

మొదటి వేటకు నేను కూడా వెళ్లాను. డాల్ఫిన్ నోస్ కొండ దాటి అలలు మొదలయ్యాక సెట్టు మీట నొక్కి పట్టుకుని కొలిచాను: మాట్లాడేటప్పుడు 13.3 వోల్టులు, వినేటప్పుడు 13.5. ప్లాటరు ఆరలేదు. పంపు రెండుసార్లు తనంతట లేచి తోడింది. మధ్యాహ్నం కన్వర్టరు డబ్బా 52 డిగ్రీలు.

నాలుగు వేటల తర్వాత, జూలై 12న, రాత్రంతా జెట్టీ దగ్గర ఊరికే ఉంచి తీసిన కొలతలు: పై బ్యాటరీ 12.66, కింది బ్యాటరీ 12.65. ఇంజిన్ నడుస్తుండగా 14.12, 14.10. రెండింటిలోనూ నీటి మట్టం గీత దగ్గరే ఉంది, పోయవలసిన పని రాలేదు. సరంగు మూతలు తనే విప్పి, ఆరు సెల్లులూ, పక్కన ఆరు సెల్లులూ టార్చి వేసి చూసి, హైడ్రోమీటరు నా చేతిలో నుంచి తీసుకుని ఒక్కొక్కటీ చదివారు.

క్యాబిన్ బస్‌బారు మీద, పెట్రోలియం జెల్లీ పూయడం మరిచిపోయిన ఒకే ఒక స్క్రూ దగ్గర అప్పుడే సన్నని పచ్చగీత కనిపించింది. విప్పి, గీకి, పూసి బిగించాను. తరువాతి కొలతలు ఆగస్టు మొదటి వారంలో.